పత్తి బేళ్లకు ఘాటుండదు

2003 డిసెంబరు మొదటి వారంలో గుంటూరు–చిలకలూరిపేట రహదారి పక్కన ఉన్న ఒక ప్రైవేటు కంటైనర్ యార్డులో యంత్రాల నిర్వహణ సూపరింటెండెంటుగా చేరాను. అంతకు ముందు పద్నాలుగేళ్లు ఒక ఓడరేవులో క్రేన్ల వర్క్‌షాపులో పనిచేశాను. సొంత జిల్లాలో ఉద్యోగం దొరికింది కదా అని సంతోషంగానే వచ్చాను.

ఇలాంటి యార్డును మా వృత్తిలో డ్రై పోర్టు అంటారు. కనుచూపు మేరలో సముద్రం ఉండదు గానీ రేవులో జరిగే పని చాలావరకు ఇక్కడే జరిగిపోతుంది. పత్తి బేళ్లు, మిరప టిక్కీలు లారీల్లో వస్తాయి. బిగించి కట్టిన పత్తి కట్టను బేలు అని, గుంటూరు వ్యాపారంలో మిరప బస్తాను టిక్కీ అని అంటారు. కస్టమ్స్ వారు తనిఖీ చేశాక సరుకును కంటైనర్లలోకి ఎక్కించి సీలు వేస్తారు. ఈ ఎక్కించడానికి స్టఫింగ్ అని పేరు. సీలు పడిన కంటైనర్ ట్రైలర్ మీద రేవుకు పోయి నేరుగా ఓడ ఎక్కుతుంది.

యార్డులో కదిలేదంతా డీజిలే. షెడ్డులో తిరిగే ఫోర్క్‌లిఫ్టులు నాలుగు, కంటైనర్లను ఎత్తి ఒకదాని మీద ఒకటి పేర్చే రీచ్ స్టాకర్ ఒకటి, జనరేటర్లు రెండు. హైటెన్షన్ కరెంటు లైను యార్డు గోడ పక్క నుంచే పోతున్నా, అదనపు లోడు కోసం పెట్టవలసిన దరఖాస్తు ఏడాదిగా మా ఆఫీసులోనే సంతకం లేకుండా పడి ఉంది. కాబట్టి రోజంతా జనరేటర్లే నడిచేవి. గేటు బయట లారీల వరస. డ్రైవర్లు గంటల తరబడి ఇంజన్లు ఆపేవారు కాదు. ఎందుకని అడిగితే, సెల్ఫ్ సరిగ్గా పనిచేయడం లేదు, ఆపితే మళ్లీ స్టార్టవుతుందో లేదో అన్నారు. సగం లారీల పరిస్థితి అదే.

చేరిన పదిహేను రోజుల్లో నేను ఒక నోటు రాశాను. తొమ్మిది అంశాలు. వాటిలో ముఖ్యమైనవి ఇవి: షెడ్డు లోపల డీజిల్ ఫోర్క్‌లిఫ్టుల బదులు బ్యాటరీతో నడిచేవి పెట్టాలి. కరెంటు దరఖాస్తు కదిలించాలి. లారీలకు టోకెన్లు ఇచ్చి, వంతు వచ్చేదాకా ఇంజను ఆపించాలి. ఫోర్క్‌లిఫ్టుల ఎయిర్ ఫిల్టర్లు వారానికొకసారి మార్చాలి. చివరి అంశం గురించి కొంచెం చెప్పాలి. తయారీదారు పుస్తకం ప్రకారం ఫిల్టర్ చాలాకాలమే రావాలి. కానీ ఆ పుస్తకం రాసినవాళ్లు మా షెడ్డు చూడలేదు. పత్తి నూగు, మిరప దుమ్ము కలిసి ఫిల్టర్‌ను నాలుగు రోజుల్లో గోడలా మూసేసేవి. గాలి అందని డీజిల్ ఇంజను నల్లటి పొగ కక్కుతుంది. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ కూడా పెరుగుతుంది. దానికి రంగూ వాసనా ఉండవు. రక్తంలో ప్రాణవాయువు ఉండవలసిన చోట అది చేరుతుంది.

మేనేజరు కోటేశ్వరరావు గారు నోటు చదివి, మడిచి, సొరుగులో పెట్టారు. "మనది సముద్రం ఒడ్డున రేవు కాదు కదండీ ఇంజనీరు గారూ. ఇంత అవసరమా?" అన్నారు. మర్యాదగానే అన్నారు. ఆయన ఎప్పుడూ గొంతు పెంచేవారు కాదు.

అదే నెలాఖరున నెలవారీ తనిఖీ పట్టిక నా దగ్గరకు వచ్చింది. ప్రతి ఫోర్క్‌లిఫ్టుకూ బ్రేకులు, టైర్లు, హైడ్రాలిక్ నూనె, చివరన పొగ పరీక్ష. పొగ ఎంత చిక్కగా ఉందో కొలిచే మీటరును సైలెన్సర్ గొట్టం దగ్గర పెట్టి, ఇంజనును ఒక్కసారిగా రేస్ చేసి చూడాలి. మా దగ్గరున్న మీటరు లోపలి దీపం ఎప్పుడో కాలిపోయింది. బాగుచేయించమని మేనేజరును అడిగాను. వచ్చే నెల చూద్దాం, ఈలోగా సంతకం పెట్టేయండి, పట్టిక హెడ్డాఫీసుకు పోవాలి అన్నారు. పెట్టాను. 'సంతృప్తికరం' అని రాసి మరీ పెట్టాను. జనవరిలోనూ పెట్టాను. కొత్త ఉద్యోగం, మొదట్లోనే పేచీ ఎందుకు అనుకున్నాను. ఇది చెప్పకుండా మిగతాది చెబితే అబద్ధం అవుతుంది.

స్టఫింగ్ షెడ్డులో పద్దెనిమిది మంది ఆడవాళ్లు పనిచేసేవారు. పొదిలి పక్కన మెట్ట పల్లెల నుంచి, వానలు లేక సేద్యం నడవని ఏడాదుల్లో, ముఠాగా వచ్చేవారు. ముఠాకు పెద్ద మరియమ్మ. యాభై ఏళ్లుంటాయి. ఆదివారం పొద్దున చర్చికి వెళ్లి వచ్చాకే పనిలో దిగుతామని మొదటే ఒప్పందం చేసుకున్న మనిషి. మిరపలో తాలు కాయలు ఏరడం, తొడిమలు తీయడం, షెడ్డు ఊడవడం, కంటైనర్ గోడలకు దళసరి కాగితం కట్టడం వాళ్ల పని. సముద్రం మీద కంటైనర్ లోపల పట్టే చెమ్మ సరుకుకు అంటకుండా ఆ కాగితం కాపాడుతుంది.

వాళ్లందరికీ దగ్గు. మధ్యాహ్నానికి తలపోటు. ఇద్దరు ముగ్గురు షెడ్డు వెనక వాంతి చేసుకుని వచ్చి మళ్లీ కూర్చునేవారు. అడిగితే ఆఫీసులో అందరిదీ ఒకటే జవాబు: మిరప ఘాటు. కోటేశ్వరరావు గారైతే నవ్వి, "గుంటూరులో దగ్గనివాడెవడండీ?" అన్నారు.

ఆ ఘాటు మాట నేను ఒకసారి మరియమ్మ దగ్గర ఎత్తాను. ఆమె చేతిలోని చేటను కింద పడేసింది.

"ఘాటు సంగతి మాకు చెబుతున్నారా సారూ? ఊహ తెలిసినకాడి నుంచీ మిరగ్గాయల్లోనే బతుకుతున్నాం. ఘాటుకి ముక్కు కారుద్ది, కళ్లు మండుతయ్, తుమ్ములొస్తయ్. తలకాయ పగిలిపోద్దా? కడుపులో తిప్పుద్దా? ఇది ఘాటు కాదు, మీ బండ్ల పొగ."

డిగ్రీ చదివి, పద్నాలుగేళ్లు ఇంజన్ల మధ్య గడిపిన నేను కాగితం మీద రాయలేకపోయిన నిర్ధారణను ఆమె అక్కడ నిలబడి చెప్పింది. ఆ సాయంత్రమే రెండో నోటు రాశాను. దానికీ జవాబు రాలేదు.

ఫిబ్రవరి చివర్లో రెండు రోజులు ముసురు పట్టింది. కల్లాల్లో మిరపకాయలు ఆరబెట్టుకున్న రైతులు పట్టాలు కప్పుకుని తిట్టుకుంటున్న రోజులు. రావలసిన మిరప లారీలు ఆగిపోయాయి. ఉన్న టిక్కీలన్నీ ముందురోజే వెళ్లిపోయాయి. షెడ్డులో ఆ రోజు పత్తి బేళ్లు తప్ప మరేమీ లేవు. ఆరు కంటైనర్లు సాయంత్రంలోగా కదలాలి. ఓడ సరుకు తీసుకోవడం ఆపేసే గడువును కటాఫ్ అంటారు. అది దాటితే సరుకు తర్వాతి ఓడకే.

పత్తికి తడి తగలకూడదని షట్టర్లన్నీ దించేశారు. కంటైనర్ల మూతులు ఆనించిన తలుపులు తప్ప షెడ్డుకు వేరే దారి లేదు. అంటే గాలి పోవలసిన దారి కూడా కంటైనర్ లోపలికే. ఇంకో చివర కంటైనర్ మూసే ఉంటుంది. ఆ స్థితిలో నాలుగు డీజిల్ ఫోర్క్‌లిఫ్టులూ ఒకేసారి నడిపారు. మనిషి కంటైనర్ లోపల ఉన్నప్పుడు బండి ఇంజను ఆపాలన్నది నియమం. బండి బేళ్ల వరస దించి బయటికి వచ్చాక, లోపలి మనిషి వరసకూ వరసకూ మధ్య కాగితం సర్ది బయటికి రావాలి, అప్పుడు మళ్లీ బండి వెళ్లాలి. అలా చేస్తే కటాఫ్ అందదని ఆ రోజు ఆఫీసు నుంచి ఆ పద్ధతి వదిలేయమన్నారు. మనిషి లోపలే ఉండాలి, బండి వస్తూ పోతూ ఉండాలి.

నేను బయట రీచ్ స్టాకర్ కింద ఉన్నాను. హైడ్రాలిక్ గొట్టం ఒకటి కారుతోంది. పదకొండు గంటల వేళ షెడ్డులోంచి అరుపు వినిపించింది. ఫోర్క్‌లిఫ్టు ఆపరేటరు మస్తాన్ గొంతు. నలభై ఏళ్ల వాడు, ఏళ్ల తరబడి బండి నడిపినవాడు, ఎప్పుడూ అరిచే మనిషి కాదు.

"ఒరేయ్, షట్టర్లు ఎత్తండ్రా! ఎత్తండి! మనిషి పడిపోయింది!"

నేను పరుగెత్తి వెళ్లేసరికి మస్తాన్ నాలుగో కంటైనర్‌లోంచి దానమ్మను చంకల కింద చేతులు వేసి ఈడ్చుకొస్తున్నాడు. దానమ్మ మరియమ్మ చెల్లెలి కోడలు. ముప్పై ఏళ్లుండవు. ముఖం పాలిపోలేదు; బుగ్గలు, పెదవులు ఎర్రగా ఉన్నాయి. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన మనిషి అలా కనిపించవచ్చని రేవులో శిక్షణ ఇచ్చినప్పుడు చెప్పారు. చూడటం అదే మొదటిసారి. ఆమెను బయట పడుకోబెట్టేసరికి మస్తాన్ కూడా గోడ పట్టుకుని కక్కుకున్నాడు. ఇంకో ఇద్దరు ఆడవాళ్లు నిలబడలేక నేల మీద కూలబడ్డారు.

కంపెనీ జీపులో నలుగురినీ గుంటూరు తీసుకెళ్లాం. దానమ్మకు సాయంత్రం దాకా తెలివి రాలేదు. డాక్టరు చీటీలో స్పష్టంగా రాశాడు: మూసిన చోట ఇంజను పొగ పీల్చడం వల్ల.

నేను యార్డుకు తిరిగొచ్చేసరికి ఆరు కంటైనర్లూ వెళ్లిపోయాయి. కటాఫ్ అందింది. మేనేజరు గదిలో ప్రమాద నివేదిక టైపు చేసి సిద్ధంగా ఉంది. 'మిరప ఘాటు వల్ల కార్మికురాలికి స్వల్ప అస్వస్థత' అని ఉంది. భద్రత విషయంలో బాధ్యత గల అధికారిగా నేను కింద సంతకం చేయాలి.

"ఇవాళ షెడ్డులో ఒక్క మిరపకాయ లేదండీ," అన్నాను. "పత్తి బేళ్లకు ఘాటుంటుందా?"

"ఎక్కడో దుమ్ము ఉండే ఉంటుంది లెండి."

"డాక్టరు పొగ అని రాశాడు."

కోటేశ్వరరావు గారు తొందరపడలేదు. బీరువా తెరిచి తనిఖీ పట్టికల ఫైలు తీశారు. రెండు పేజీలు నా ముందు తిప్పారు. "పొగ సంతృప్తికరం అని రాసింది తమరే కదండీ? పొగ వల్లే అయిందని ఇప్పుడంటే ముందు ఎవరి మీదికి వస్తుందో ఆలోచించుకోండి. మీ మంచికే చెబుతున్నా."

అప్పుడు నాకు వచ్చిన కోపం లాంటిది అంతకు ముందు గాని తర్వాత గాని ఎరగను. బెదిరించినందుకు కాదు. ఆయన చెప్పింది నిజమైనందుకు. ఆ రెండు సంతకాలూ ఆ మనిషికి నేనే తయారు చేసి ఇచ్చిన తాళ్లు. వాటితో నన్ను కట్టేస్తున్నాడు. టైపు చేసిన కాగితాన్ని ఆయన ముందే చించి బల్ల మీద పెట్టాను. ఆయన దాని వంక చూసి, చెత్తబుట్ట కాలితో ఇటు జరిపారు. అంతే.

మర్నాడు నా నివేదిక నేనే రాశాను. మొదటి పేరాలో నా తప్పు రాశాను: మీటరు పనిచేయకపోయినా డిసెంబరు, జనవరి పట్టికల్లో పరీక్ష జరిగినట్టు సంతకం చేశాను. రెండో పేరా నుంచి జరిగింది జరిగినట్టు. పాత రేవులో స్నేహితుణ్ణి బతిమాలి కార్బన్ మోనాక్సైడ్ కొలిచే చేతి మీటరు తెప్పించుకున్నాను. షట్టర్లు దించి, రెండే బండ్లు నడిపించి, దానమ్మ నిలబడిన చోట, ఆమె ముక్కు ఎత్తులో పట్టుకున్నాను. అయిదు నిమిషాలు తిరక్కుండానే మీటరు ప్రమాద ఘంట మోగించింది. చేతిలో ఉండగానే నాకూ తల దిమ్మెక్కింది. ఆ రీడింగులు జతచేసి హెడ్డాఫీసుకు పంపాను. ఫ్యాక్టరీల భద్రత చూసే అధికారికీ ఒక నకలు పంపాను. ఆయన వచ్చి చూసి, నోటీసు ఇచ్చి వెళ్లారు. దిద్దుబాటు చర్యలు పరిశీలనలో ఉన్నాయని కంపెనీ జవాబు రాసింది.

హెడ్డాఫీసు నుంచి వచ్చిన మొదటి ఉత్తరం నాకు మెమో. తప్పుడు ధ్రువీకరణ చేసినట్టు స్వయంగా ఒప్పుకున్నందున సంజాయిషీ ఇవ్వమని. రెండో ఉత్తర్వు మరియమ్మ ముఠాను పనిలోంచి ఆపేయమని. వాళ్ల స్థానంలో వేరే ఊరి ముఠా వచ్చింది. అదే షెడ్డు, అవే బండ్లు.

మరియమ్మ గేటు దగ్గర నా కోసం ఆగింది. మూటలు కట్టుకుని ఉన్నారు. నేను నివేదిక పంపానని, పైవాళ్లు చూస్తున్నారని ఏదో చెప్పబోయాను.

"మీరు రాశారు, మంచిదే," అంది. "ముందే పైవాళ్లకి రాసుంటే మా పిల్ల పడేది కాదు. ఇప్పుడు రాశారు, మమ్మల్ని పంపించేశారు. మీరు మాత్రం ఇక్కడే ఉన్నారు. నేనన్నదాంట్లో తప్పేవన్నా ఉందా సారూ?"

లేదన్నాను. ఆమె పొదిలి బస్సు కోసం రోడ్డు దాటి వెళ్లిపోయింది.

ఏప్రిల్లో, ఫిబ్రవరిలో పోయిన పత్తిని కొన్న విదేశీ కంపెనీ నుంచి ఫిర్యాదు వచ్చింది. బేళ్ల మీద చుట్టిన గుడ్డకు మసి అంటిందని ఫొటోలు పంపారు. అంతకు ముందు పోయిన మిరపలో డీజిల్ వాసన వస్తోందని ఇంకో కొనుగోలుదారు మొత్తం సరుకు వెనక్కి తిప్పాడు. హెడ్డాఫీసు నుంచి ఒక డైరెక్టరు విమానంలో హైదరాబాదు దిగి, అక్కడి నుంచి కారులో యార్డుకు వచ్చాడు. షెడ్డంతా తిరిగాడు. తెల్ల రుమాలు తీసి గోడకు రుద్ది, నల్లబడిన రుమాలును అందరికీ చూపించాడు. దారుణం అన్నాడు. ఆ గోడ పక్కనే పద్దెనిమిది మంది కూర్చుని ఊపిరి పీల్చారు. వాళ్ల ఊపిరితిత్తులను రుమాలుతో తుడిచి చూడటానికి వీలుండదు కాబట్టి ఎవరూ దారుణం అనలేదు.

ఆ తర్వాత పనులు ఎంత వేగంగా జరిగాయో చెబితే నమ్మరు. కరెంటు దరఖాస్తు మీద ఆ రోజే సంతకం పడింది. రెండు నెలల్లో బ్యాటరీ ఫోర్క్‌లిఫ్టులు వచ్చాయి. లారీలకు టోకెన్లు, గేటు దగ్గర నీడకు పందిరి, ఇంజను ఆపకపోతే లోపలికి రానివ్వరని బోర్డు. షెడ్డు కప్పుకు గాలి లాగే ఫ్యాన్లు. డైరెక్టరు చేతిలో ఉన్న పనుల పట్టికను నేను దగ్గరగా చూశాను. తొమ్మిది అంశాలు. నేను డిసెంబరులో రాసిన వరసే, నా వాక్యాలే. పై భాగం, నా పేరున్న చోటు, కాగితం అడ్డం పెట్టి జిరాక్స్ తీశారు.

కొత్త యంత్రాలను నడపడానికి అర్హమైనవిగా ధ్రువీకరించే పత్రం మీద సంతకం నాదే. ఈసారి నేను పెట్టలేదు. మరియమ్మ ముఠాను పిలిస్తేనే పెడతానన్నాను. ఇది నిబంధనల్లో లేదని కోటేశ్వరరావు గారన్నారు. మీటరు లేకుండా పొగ కొలవడం ఏ నిబంధనలో ఉందని అడిగాను. నాలుగు రోజులు గడిచాయి. కొత్త బండ్లు ఎండలో నిలబడ్డాయి. అయిదో రోజు పొదిలికి కబురు వెళ్లింది.

పద్దెనిమిది మందిలో పదకొండు మంది వచ్చారు. దానమ్మ రాలేదు. వర్షాకాలంలో నేను వాళ్ల ఊరు వెళ్లాను. ఎండలో పది నిమిషాలు ఉంటే తలపోటు వస్తోందని, చెప్పిన పని మధ్యలో మర్చిపోతోందని వాళ్ల అత్త చెప్పింది. దానమ్మ నన్ను గుర్తుపట్టింది గానీ పేరు తెచ్చుకోలేకపోయింది. లోపలికి వెళ్లి మంచినీళ్లు తెస్తానని లేచి, గుమ్మంలో ఆగి, ఎందుకు లేచానని అత్తను అడిగింది. మస్తాన్ ఆ తర్వాత కూడా యార్డులోనే పనిచేశాడు. ఆ రోజు అతను కంటైనర్‌లోకి దూకకపోతే దానమ్మ అంతమాత్రం కూడా మిగిలేది కాదు. ఆ సంగతి ఏ ఫైలులోనూ లేదు.

రెండేళ్ల తర్వాత కంపెనీ ఒక రంగుల పుస్తకం అచ్చువేసింది. అప్పటికి భూతాపం, కర్బన ఉద్గారాలు అనే మాటలు కంపెనీల నోట వినిపించడం మొదలైంది. యార్డులో డీజిల్ వాడకం బాగా తగ్గిందని, భూమిని వేడెక్కించే వాయువులను ఆ మేరకు తగ్గించామని, ఇది తమ యాజమాన్యం ముందుచూపు అని రాశారు. బ్యాటరీ ఫోర్క్‌లిఫ్టు పక్కన కోటేశ్వరరావు గారి ఫొటో ఉంది. తగ్గిన మాట నిజమే. డీజిల్ తగ్గింది, పొగ తగ్గింది, అది మంచి పనే. దాన్ని నేను కాదనను. ఆకాశం గురించి ఆ పుస్తకంలో రెండు పేజీలున్నాయి. నాలుగో కంటైనర్‌లో పడిపోయిన మనిషి గురించి ఒక్క వాక్యం లేదు.

నేను ఆ యార్డులో 2007 దాకా పనిచేశాను. తర్వాత ఇంకో రెండు యార్డులు చూసి రిటైరయ్యాను. వృత్తిలో ఉన్నవారికి ఈ సంఘటన నుంచి చెప్పగలిగింది కొద్దిగానే ఉంది. సైలెన్సర్ గొట్టం దగ్గర తీసిన రీడింగు ఇంజను గురించి చెబుతుంది. మనిషి గురించి చెప్పదు. మనిషి నిలబడే చోట, అతని ముక్కు ఎత్తులో, తలుపులన్నీ మూసి, పని జోరుగా జరిగే గంటలో కొలవాలి. పనిచేసేవాళ్లు తమ ఒంట్లో ఏమవుతోందో చెప్పినప్పుడు, దాన్ని కూడా ఒక రీడింగుగా రాసుకోవాలి. తర్వాతి యార్డుల్లో ఏ షెడ్డునైనా వాడకానికి వదిలే ముందు బండ్లన్నీ నడిపించి, మీటరు పట్టుకుని, కంటైనర్ చివరి గోడకు వీపు ఆనించి అరగంట నిలబడేవాణ్ణి. ఘంట మోగితే ఆ షెడ్డు తెరుచుకునేది కాదు.